వెనక మెట్ల మీది పిలుపు

మా ఆసుపత్రి వెనక మెట్ల గురించి మంచిమాట చెప్పినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు.

పంజాగుట్ట చౌరస్తా నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఆసుపత్రి. ఫ్లైఓవర్ మీద బండ్ల చప్పుడు వినపడేంత దూరం. ముందువైపు కొత్త కట్టడం, అద్దాలు, ఏసీలు. వెనక పాత బ్లాకు. మెడిసిన్ వార్డు దాని మూడో అంతస్తులో, మా ల్యాబేమో కింది అంతస్తులో, మెట్లు దిగిన చోట. లిఫ్టు పనిచేసే రోజులు తక్కువ. అందుకని రాత్రిళ్లు రక్తం శాంపిళ్లు పట్టుకుని హౌస్‌సర్జన్లు ఆ మెట్ల మీదుగానే దిగాలి.

రెండో అంతస్తు మలుపులో దీపం ఉండదు. ఎన్నిసార్లు ట్యూబులైటు పెట్టినా నెల తిరక్కుండా పోతుంది. అర్ధరాత్రి దాటాక అక్కడ... వెనక నుంచి ఎవరో పిలుస్తారు.

“డాక్టర్ సాబ్...”

ముందు ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు – స్ర్... స్ర్... – తర్వాత ఆ పిలుపు. ఒకమ్మాయి తిరిగి చూసిందట. చీకట్లో మనిషి కనపడలేదు. ఛాతీ ఎముకలు మాత్రం కనపడ్డాయట – తెల్లగా, రెండు పట్టీలు, మండుతున్నట్టు! తెల్లారేసరికి ఆ పిల్లకి ఒళ్లు కాలిపోయే జ్వరం. పదిహేను రోజులు డ్యూటీకి రాలేదు.

కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రాత్రే సీనియర్లు ఒక మాట చెప్పి పంపిస్తారు: “ఆ మెట్ల మీద ఎవరు పిలిచినా వెనక్కి తిరగొద్దు. నడక ఆపొద్దు.”

నా పేరు బుచ్చిబాబు. ల్యాబ్ టెక్నీషియన్ని. తణుకు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటాను. నావి ఎక్కువగా రాత్రి డ్యూటీలే. ఆ ఈడుపు చప్పుడు నేనూ విన్నాను, ఒకటి రెండుసార్లు కాదు. విన్నప్పుడల్లా లోపల గడియ పెట్టుకున్నాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఇక చెప్పబోయేది కొంత తేజ నోట విన్నది, కొంత నా కళ్ల ముందు జరిగింది.

తేజ ఈ ఏడాది హౌస్‌సర్జన్. వాళ్లది బోరబండ. తండ్రి హనుమాండ్లు ప్లాస్టరింగ్ మేస్త్రి. ఇంట్లోనే కాదు, వాళ్ల గల్లీలోనే మొదటి డాక్టరు. పొట్టిగా, సన్నగా, మీసం ఇంకా సరిగా రాని మొహం. మెళ్లో స్టెతస్కోపు వేలాడుతున్నా రోగులు వాణ్ణే అడిగేవాళ్లు – “తమ్మీ, డాక్టరెప్పుడొస్తడు?”

“వస్తడు” అనేవాడట. ఎదురుగా నిలబడి.

మెడిసిన్ వార్డులో వాడికి దేవుడు వంశీకృష్ణ. పీజీ చివరి సంవత్సరం, మా గోదావరి వైపు కుర్రాడే. గొంతు పెంచడు, చెయ్యి వణకదు. పక్క మంచం మీద ఎవరు ఏడుస్తున్నా ఆయన నడక మారదు. తేజ ముందు ఆ నడక నేర్చుకున్నాడు. తర్వాత రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని మాట్లాడటం. చివరికి చేతిరాత కూడా! ఇంగ్లీషు ‘జి’ తోకని కింది గీత దాకా లాగడం, సంతకం కింద రెండు చుక్కలు పెట్టడం – అచ్చం వంశీకృష్ణే.

“డాక్టర్ రాతంటే గిట్లుండాలె సార్” అని శాంపిల్ ఫారాలు చూపించి మురిసిపోయేవాడు. కొన్నాళ్లకి ఏది ఎవరి రాతో నాకే తెలిసేది కాదు.

ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి వచ్చాడు. రక్తం గొట్టాన్ని గుప్పిట్లో పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

“సార్... పిలిసింది.”

“ఏమని?”

“డాక్టర్ సాబ్ అని.” అదో మాదిరిగా నవ్వాడు. “నన్ను డాక్టరని పిలిసిన మొదటోళ్లు... గా దెయ్యమే సార్.”

నేనూ నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది మరి.

వారం తర్వాత మళ్లీ. ఈసారి నవ్వలేదు వాడు. “జర ఆగు డాక్టర్ సాబ్, ఒక్క మాట... అన్నది సార్. దెయ్యాలు ‘జర’ అంటయా?”

“వంశీకృష్ణ గారికి చెప్పావా?”

“చెప్పిన. తిరిగి సూసినవా అని అడిగిండు. లేదన్న. మంచిగ చేసినవ్, ఎన్నడు సూడకు అన్నడు.” గొంతు తగ్గించాడు. “గా మాట అనేటప్పుడు ఆయన చేతుల పెన్ను కిందవడ్డది సార్. ఆయన చేతులకెల్లి ఏదన్న పడంగ నేనెన్నడు సూడలే.”

మూడోసారి... ఆ రాత్రి వాన.

రత్నమాల అని, ఎర్రగడ్డ రైతుబజార్లో కూరగాయలు అమ్మే ఆవిడ, నాలుగు రోజుల నుంచి వార్డులో ఉంది. గుండె జబ్బు. పొద్దున్నే రక్తం తీసేది తేజే. సూది గుచ్చగానే “మెల్లగ తమ్మీ” అనేది, వాడి మొహం చూసి “నీకే నొస్తున్నట్టుంది” అని నవ్వేది. ఆ రాత్రి ఒంటిగంట దాటాక ఆవిడ గుండె ఆగిపోయింది. వంశీకృష్ణ, తేజ వంతులవారీగా ఛాతీ నొక్కారు. అరగంట. వంశీకృష్ణ గడియారం చూశాడు.

“చాలు.”

తేజ ఆపలేదట. ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆవిడ భర్త నాలుగు రాత్రుల నిద్ర లేక, కింద అటెండెంట్ల షెడ్డులో పడుకుని ఉన్నాడు.

“సార్, వాళ్లాయనకు నేను చెప్తా. కని... ఎట్ల చెప్పాలె?”

“ఇప్పుడే చెప్పకు.” వంశీకృష్ణ చేతులు కడుక్కుంటూ అన్నాడు. “రాత్రిపూట గొడవైపోతుంది. ఒక చీటీ రాసియ్యి. ఈ ఇంజెక్షన్ మన దగ్గర లేదు, అర్జెంటుగా అమీర్‌పేట వైపు మెడికల్ షాపులో చూడమని పంపు. తిరిగొచ్చేలోపు పేపర్లన్నీ అయిపోతాయి. వచ్చాక ‘ఇప్పుడే పోయింది’ అంటాం. చివరిదాకా ప్రయత్నం చేశామని వాళ్లకీ ఉంటుంది.”

“అబద్దమా సార్?”

“అబద్ధమే. మొదటిసారి కష్టంగా ఉంటుంది తేజా. తర్వాత ఉండదు. డాక్టరవడమంటే అదే.”

తేజ చీటీ రాశాడు. రాత తిన్నగా వచ్చిందట. ‘జి’ తోక కింది గీత దాకా. సంతకం. రెండు చుక్కలు.

చీటీ పట్టుకుని వెనక మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండో అంతస్తు మలుపు వచ్చింది. చీకటి...

స్ర్... స్ర్...

ఆగలేదు. ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు.

“డాక్టర్ సాబ్...”

ఇంకో మెట్టు.

“సారూ... నేను లేటైన్నా?”

తేజ కాళ్లు ఆగిపోయాయి. ఆ గొంతులో వాణ్ణి భయపెట్టేదేమీ లేదట. అడిగి అడిగి అరిగిపోయిన గొంతు. జవాబొస్తుందన్న ఆశ లేకుండా, అయినా అడక్కుండా ఉండలేని గొంతు.

తిరిగాడు.

చీకట్లో రెండు పట్టీలు... తెల్లగా... మండుతున్నట్టు.

ఫోను లైటు వేశాడు. వెలుగు గోడ మీదికి, మెట్ల మీదికి పోయి, చివరికి ఆ పట్టీల మీద నిలిచింది. నారింజ రంగు కోటు. దాని మీద అడ్డంగా, ఏ కాస్త వెలుగు పడ్డా మెరిసే రెండు పట్టీలు – రాత్రిపూట రోడ్లు ఊడ్చేవాళ్లకి, బండ్లు గుద్దకుండా మున్సిపాలిటీ ఇచ్చే కోటు. చేతిలో పొడుగు కర్ర చీపురు. తల మీంచి నీళ్లు కారుతున్న ఒక ముసలాయన.

“భయపడకు బిడ్డా” అన్నాడు. “మనిషినే.”

కోటు లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మడతలు పడి, చిరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక చీటీ.

“నాలుగేండ్లాయె. గీ సూది తెమ్మని పంపిన్రు. తెచ్చెటాలకు నా బిడ్డ సచ్చిపోయింది. నేను జల్ది వస్తే బతుకుతుండెనా? గదొక్కటి చెప్పు సారూ. ఇంకేం అడగ.”

తేజ ఆ చీటీ మీద వెలుగు వేశాడు. ‘జి’ తోక కింది గీత దాకా లాగి ఉంది. సంతకం కింద రెండు చుక్కలు.

“ఒక్క క్షణం నేనే రాసిన అనుకున్న సార్” అని తర్వాత చెప్పాడు నాతో. “ఒక చేతుల గది, ఒక చేతుల గిది. ఏది ఎవ్వరిదో తెల్వలే.”

ఆ రాత్రి నా తలుపు తట్టినప్పుడు వాడి గొంతు వేరేగా ఉంది. “బుచ్చిబాబు సార్, గడియ తియ్యండి. గీ పెద్దమనిషిని జర కూసోవెట్టండి. నేనొస్త.”

అంతే చెప్పి షెడ్డు వైపు వెళ్లాడు. తన చీటీని చింపి కోటు జేబులో కుక్కుకోవడం చూశాను. రత్నమాల భర్తని లేపి, చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకి తీసుకెళ్లాడు. మంచం పక్కన నిలబెట్టి చెప్పాడట: “అన్నా, అక్క పోయింది. మస్తు కోషిష్ చేసినం. కాపాడలేకపోయినం.” ఆయన గొడవ చెయ్యలేదు. తేజ కోటు ముందుభాగం రెండు చేతులతో పట్టుకుని, దాంట్లో మొహం పెట్టి ఏడ్చాడు. తేజ కూడా ఏడ్చాడు. డాక్టర్ ఏడవొచ్చా సార్, అని నన్నడిగాడు తర్వాత. నాకేం తెలుసు?

ఇక్కడ కింద, నా ఎదురుగా స్టూలు మీద ఆ ముసలాయన. పేరు రాజనర్సయ్య. ఆయనదీ బోరబండే. అప్పట్లో ఇల్లు కట్టేచోట కూలిపని. పరంజి మీంచి పడి ఒక మోకాలు సరిగా వంగదు. ఒక్కతే కూతురు పింకీ. ఇంటర్ రెండో ఏడు. నాలుగేళ్ల కింద, కరోనా తిరుగుతున్న రోజుల్లో, ఆ పిల్లకి డెంగ్యూ వచ్చింది.

“గా డాక్టర్ మూతికి మాస్కుండె” అన్నాడు. “కండ్లే కనవడ్డయి. గా కండ్ల కోసమే అందరి మొఖాలు సూస్తున్న.”

ఆ రాత్రి చీటీ తీసుకుని కుంటుకుంటూ పరిగెత్తాడు. మొదటి షాపులో లేదు. రెండోది మూసుంది. మూడో షాపులో దొరికింది. తిరిగొస్తుంటే మోకాలు పట్టేసి, డివైడర్ మీద కూర్చుండిపోయాడు.

“ఎంతసేపు కూర్చున్నారు?”

“ఎంతసేపో యాదిలేదు సారూ. రెండు లారీలు పోయినంతసేపు.” నా వైపు చూడలేదు. “గా కూసున్నందుకే పోయింది నా బిడ్డ.”

ఆ తర్వాత కూలిపని మానేసి, ఈ రోడ్డు మీదే రాత్రి ఊడ్చే పని అడిగి మరీ తీసుకున్నాడు. వీలు దొరికిన రాత్రి, మార్చురీ పక్క విరిగిన గేటులోంచి వచ్చి, ఆ మలుపులో నిలబడేవాడు. అక్కణ్ణుంచి వార్డు తలుపు కనపడుతుంది.

“పగటీలి అడిగితే ఎవ్వలు ఇనరు. రాత్రైతే ఒక్కరన్న ఆగుతరనుకున్న. నాలుగేండ్ల సంది ఒక్కరు ఆగలే. అందరు ఉర్కుతరు. ఎందుకు ఉర్కుతరు సారూ?”

ఆయన దెయ్యమని మేమంతా అనుకుంటున్నట్టు ఆయనకి తెలియదు. నా వెనక నేను నాలుగేళ్లుగా గడియ పెట్టుకున్న తలుపు తెరిచే ఉంది.

కాసేపటికి మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. ముందు తేజ. వెనక వంశీకృష్ణ. పైన తేజ ఆయనతో ఏమీ వాదించలేదట. పాత చీటీ ఆయన ముందు పెట్టి, “సార్, గీ చీటీ తెచ్చినాయన కిందున్నడు” అన్నాడట, అంతే.

వంశీకృష్ణ గుమ్మంలో ఆగిపోయాడు. మాస్కు లేదు. రాజనర్సయ్య లేచి, చీపురు కర్ర ఊతంగా దగ్గరికెళ్లి, ఆయన కళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

“నువ్వే.”

“నేనే.” వంశీకృష్ణ గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. “అప్పుడు నేను హౌస్‌సర్జన్‌ని. రెండో నెల. మిమ్మల్ని పంపేటప్పటికే పింకీ చనిపోయి ఇరవై నిమిషాలైంది. ఆ ఇంజెక్షన్‌తో పనేం లేదు. మీతో చెప్పడానికి భయమేసి... పంపేశాను. మీరు ఆలస్యం కాలేదు. ఎగిరొచ్చినా అంతే.”

రాజనర్సయ్య చీపురు కర్రని గోడకి ఆనించాడు.

“అంటే... నేను కూసున్నందుకు కాదా?”

“కాదు.”

రాజనర్సయ్య మెల్లగా నేల మీద కూలబడ్డాడు. ఆ వంగని కాలు ముందుకి చాపుకుని. ఆయన కొట్టినా, తిట్టినా బావుండుననిపించింది నాకు. కొట్టలేదు.

“పొయ్యేముందు నన్ను అడిగిందా?”

స్పృహ లేదు అని ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. వంశీకృష్ణ తేజ వైపు చూశాడు. తర్వాత తనూ నేల మీద, ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

“అడిగింది. బాపు ఏడి, అంది. బయటే ఉన్నాడు, పిలుస్తానన్నాను. సెలైన్ మార్చాలి, సీనియర్‌కి ఫోన్ చెయ్యాలి... ఆ కంగారులో... పిలవలేదు.”

రాజనర్సయ్య తల అటూ ఇటూ ఊపాడు. చిన్నపిల్లాడు చేసిన తప్పుని చూసినట్టు.

“తలుపుకాడనే ఉన్న గద బిడ్డా... ఒక్క కేకేస్తే అయిపోతుండె గద...”

వంశీకృష్ణ అప్పుడు ఏడ్చాడు. చెయ్యి వణకని మనిషి ఒళ్లంతా వణికిపోయాడు. ఆ ఏడుపులోనే మిగతాదీ చెప్పాడు. చీటీ రాసి పంపమని అప్పుడు తనకి తన సీనియర్ పీజీ చెప్పాడట. నెల తిరక్కుండా ఒక రాత్రి మెట్ల మీద ఈయన్ని చూసి, గుర్తుపట్టి, పారిపోయాడట. ఎందుకు పరిగెత్తావని తోటివాళ్లు అడిగితే నోటికొచ్చింది చెప్పాడు – అక్కడ దెయ్యం ఉంది, పిలుస్తుంది, తిరగొద్దు అని. ఆ మాట బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి పెరిగింది. చదువుతో పాటు అదీ నేర్పాం మేము.

ఆ తెల్లవారుజామున వాన తగ్గింది. రాజనర్సయ్యని రోడ్డు దాకా దిగబెట్టడానికి తేజ వెళ్లాడు. వంశీకృష్ణ ఆ ఉదయమే ప్రొఫెసర్ గారికి అంతా రాసిచ్చాడు. ఆయన మీద విచారణ ఇంకా నడుస్తోంది. కొత్త బ్యాచ్‌కి మొదటి రాత్రి ఆయన ఏం చెప్పాడో కూడా విన్నాను – ఆ మెట్ల మీద తను ఎవర్ని చూసి పరిగెత్తాడో, పేరుతో సహా చెప్పాడట. కొందరు నమ్మారు. కొందరు ఇప్పటికీ పరిగెత్తుతూనే ఉన్నారు.

తేజ మాత్రం ఆ రోజు నుంచి నాతో తక్కువ మాట్లాడేవాడు. రోడ్డు మీద ఏం జరిగిందని నేనూ అడగలేదు. దసరా వెళ్లాక ఒక రాత్రి, శాంపిల్ ఇచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడి, తనే చెప్పాడు.

ఫ్లైఓవర్ కిందికి వెళ్లేసరికి మొదటి బస్సులు మొదలయ్యాయట. తేజ ఆయన భుజం మీద చెయ్యేసి, “ఇప్పుడన్న మనసు జర తేలికైందా తాతా? ఇంటికి పోయి అవ్వకు చెప్పు, నువ్వు లేటు కాలేదని” అన్నాడట. అదే ఓదార్పు అనుకున్నాడు పాపం.

రాజనర్సయ్య ఆగి, వాడి వైపు తిరిగాడు.

“మా ఇంటామె భూలక్ష్మి నిరుడు పోయింది డాక్టర్ సాబ్. సచ్చేదాంక నాతోని మాట్లాడలే. నడువ చాతగానోన్ని పంపిన, నేనే ఉర్కితే బిడ్డ బతుకుతుండె – అందరితోని గదే మాట, గదే మాట...” చేత్తో మొహం తుడుచుకున్నాడు. “ఇప్పుడు ఎవ్వలికి చెప్పాలె?”

జవాబు కోసం ఆగలేదు ఆయన. ఆయన వంతు రోడ్డు ఇంకా సగం మిగిలే ఉంది. వాన నీళ్లని ముందుకి తోసుకుంటూ, ఆ కాలు ఈడ్చుకుంటూ, ఊడ్చుకుంటూ వెళ్లిపోయాడు.